నాలుగైదు ఇళ్ళు కలిసి నెల సరుకులు తెచ్చుకుని పంచుకోవడం ఎలాగ

మా ఇంటికి ఎవరొచ్చినా వంటింట్లో వరసగా పేర్లు రాసిన నూనె క్యాన్లు చూసి ఒకటే అడుగుతారు, ఏంటండీ ఇది, కొట్టు పెట్టారా అని. కొట్టు కాదండి, మా బిల్డింగులో అయిదు ఇళ్ళవాళ్ళం కలిసి నెలనెలా సరుకులు తెచ్చుకుని పంచుకుంటాం అని చెప్తే వెంటనే రెండో ప్రశ్న, మరి గొడవలు రావా అని. ఈ రెండు ప్రశ్నలకే ఫోన్లోను, గుడి దగ్గర, కూరగాయల బండి దగ్గర చెప్పీ చెప్పీ, ఇంక ఒక్కసారి వివరంగా రాసేస్తే అందరికీ పనికొస్తుంది అనిపించింది.

గొడవలు వస్తాయి. మాకూ వచ్చాయి. వచ్చినవాటిల్లో చాలామటుకు కాటా దగ్గరే మొదలయ్యాయి, మిగతా ఒకటో రెండో డబ్బు ఆలస్యంగా ఇవ్వడం వల్ల. అందుకే కింద రాసినదాంట్లో తూకం గురించి ఎక్కువ ఉంటుంది, విసుగు అనుకోకుండా ఆ భాగం మాత్రం పూర్తిగా చదవండి.

మాది మొదలైంది 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత. అక్టోబర్ 12 ఆదివారం, విశాఖలో ఉన్నవాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. కరెంటు పోయి, మోటార్లు ఆడక ట్యాంకుల్లో నీళ్ళు అయిపోయి, పాల ప్యాకెట్ దొరక్క ఉన్నప్పుడు ఒకరింట్లో బియ్యం, ఇంకొకరింట్లో నిండు సిలిండరు, కింద పోర్షన్ మామ్మగారింట్లో పచ్చళ్ళు, అన్నీ కలిపి మెట్ల కింద ఒకే పొయ్యి మీద వండుకున్నాం. కరెంటు వచ్చాక ఎవరి వంట వాళ్ళది అయిపోయింది. అప్పుడు మామ్మగారే అన్నారు, "కలిసి తిన్నాం కదమ్మా, కలిసి కొనుక్కుంటే ఏటి పోయింది" అని.

ఏమేం కావాలి

- నాలుగు నుంచి ఆరు ఇళ్ళు. మూడైతే బస్తా తేలదు, ఏడు దాటితే తూచడానికే ఆదివారం అంతా పోతుంది. ఒకే బిల్డింగో ఒకే వీధో అయ్యుండాలి. విశాఖకి ఆ చివర మధురవాడలో ఒకరు, ఈ చివర గాజువాకలో ఒకరు ఉంటే మిగిలిందంతా ఆటోకే సరిపోతుంది.
- 10 కిలోల దాకా తూగే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, బస్తా మొత్తం తూచడానికి కొక్కెంతో వేలాడదీసే 50 కిలోల కాటా ఒకటి. రెండూ అందరి డబ్బుతో కొనండి, ఒకరి సొంత కాటా వద్దు.
- మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు, నూనెకి క్యాన్లు, పెద్ద గరాటు.
- ఉతికి ఆరబెట్టిన పాత దుప్పటి లేదా కొత్త టార్పాలిన్.
- ఒక లాంగ్ నోట్‌బుక్. ఫోన్లో లెక్క రాసుకున్నా సరే, పుస్తకం ఉండాలి, ఎందుకంటే మామ్మగారిలాంటి వాళ్ళు ఫోన్ తీసి చూడరు, పుస్తకం తిప్పి చూస్తారు.
- ఇంటికి 200 రూపాయలు చొప్పున ఒక్కసారి వేసే ఉమ్మడి డబ్బు. దీని పని 8వ అంకెలో చెప్తాను.

1. ముందు ఒక నెల కలిపి ఏమీ కొనకుండా, వాడకం రాయండి

ప్రతి ఇల్లూ ఆ నెల ఏ సరుకు ఎంత వాడిందో ఒక కాగితం మీద రాయాలి. అందాజు చెప్పమంటే అందరూ ఎక్కువే చెప్తారు. నేను కందిపప్పు నెలకి 4 కిలోలు అనుకునేదాన్ని, రాసి చూస్తే రెండున్నర. ఇలా అందాజుగా తెచ్చుకున్న ఆ ఒకటిన్నర కిలోకే పురుగు పట్టి పారబోస్తాం, ఇంక పొదుపు ఎక్కడిది.

2. ఏవి కలిపి కొనాలో, ఏవి వద్దో తేల్చుకోండి

మేం కలిపి కొనేవి: బియ్యం, కందిపప్పు, మినపగుళ్ళు, శనగపప్పు, నూనె, బెల్లం, చింతపండు, ఎండుమిర్చి, కుంకుడుకాయలు, ఉల్లిపాయలు, బట్టల సబ్బులు.

కలిపి కొననివి: అన్ని రకాల పిండ్లు, రవ్వ, కారం పొడి, కాఫీ పొడి, జీడిపప్పు. పొడి చేసిన ఏ సరుకైనా మన సముద్రం గాలికి తొందరగా మెత్తబడిపోతుంది, వాసన వచ్చేస్తుంది. చోళ్ళు, అదే రాగులు, గింజగా తెచ్చి ఎవరికి వాళ్ళు నెలకోసారి ఆడించుకోండి. పంచదార కూడా మొదట్లో తెచ్చేవాళ్ళం, సూపర్ మార్కెట్ ఆఫర్ రేటుకి దానికి తేడా ఏమీ కనపడక మానేశాం.

మొదటి నెల రెండే సరుకులతో మొదలెట్టండి, కందిపప్పు, నూనె. అన్నీ ఒకేసారి మొదలెట్టిన వాళ్ళు రెండో నెలకి ఆపేయడం నేను రెండు మూడు చోట్ల చూశాను.

3. రేటు కనుక్కునేటప్పుడు అన్నీ కిలోలోకి మార్చండి

ఎక్కువమంది మోసపోయేది నూనె టిన్ను దగ్గర, అదీ ఎవరో మోసం చేసి కాదు, లెక్క చూడక. టిన్నులు రెండు రకాలు వస్తాయి, 15 కిలోలవి, 15 లీటర్లవి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. లీటరు నూనె తూస్తే సుమారు 910 గ్రాములే ఉంటుంది. అంటే 15 లీటర్ల టిన్నులో ఉండేది 13 కిలోల 650 గ్రాములు.

లెక్క కోసం 15 లీటర్ల టిన్ను 2,100 రూపాయలు, 15 కిలోల టిన్ను 2,250 అనుకోండి. 2,100 తక్కువ కదా అని తెచ్చేస్తాం. కిలోలోకి మారిస్తే మొదటిది సుమారు 154 రూపాయలు పడుతుంది, రెండోది 150. చవక అనుకున్నదే ఖరీదు అయింది.

పంచేటప్పుడు దీనికి తిరగేసిన తప్పు జరుగుతుంది. 15 కిలోల టిన్ను తెచ్చి ఇంటికి మూడు లీటర్లు చొప్పున అయిదు ఇళ్ళకి కొలిచి పోస్తే, టిన్ను అడుగున ఇంకా దగ్గర దగ్గర లీటరున్నర మిగిలిపోతుంది, ఎందుకంటే అందులో ఉన్నది 16 లీటర్ల పైన. ఆ మిగిలింది టిన్ను ఎవరింట్లో ఉంటే వాళ్ళకి పోతుంది. మా మొదటి గొడవ ఇదే. ఎవరూ తియ్యలేదు, దాచలేదు, కొలత గ్లాసు వాడటం వల్ల వచ్చింది అంతే, కానీ రెండు ఇళ్ళవాళ్ళు పది రోజులు మాట్లాడుకోలేదు. కిలోల్లో కొంటే కిలోల్లోనే పంచండి, కాటా మీద పెట్టి.

టిన్ను సీల్ ఉన్నదే తీసుకోండి. కొట్లో పీపాలోంచి విడిగా పోసి అమ్మే నూనె చవకగా వస్తుంది అంటారు, అలా విడి నూనె అమ్మడానికి చట్టం ఒప్పుకోదు, అందులో ఏం కలిసిందో కూడా తెలీదు.

బియ్యం సంగతి వేరు. 2022 జూలై 18 నుంచి 25 కిలోలూ ఆ లోపు ఉండే లేబుల్ బస్తాలకి 5 శాతం జీఎస్టీ వచ్చింది, అప్పట్నించే 26 కిలోల బస్తాలు కొట్లోకి వచ్చాయి. రేటు అడిగేటప్పుడు బస్తా 25 ఆ, 26 ఆ అని అడిగి కిలో ఎంత పడిందో చూడండి. బియ్యం మేం విప్పి పంచుకోం, బస్తాలన్నీ ఒకేసారి తీసుకుంటాం అని బేరం చేసి ఎవరి బస్తా వాళ్ళు పట్టుకెళ్తాం. ఒంటరిగా ఉండే మామ్మగారూ నేనూ మాత్రం కలిసి ఒక బస్తా తీసుకుంటాం. బస్తాలు తీసుకునే ముందు కొట్టు దగ్గర అర కిలో తెచ్చుకుని ఒకరింట్లో వండి అందరూ ఒక ముద్ద తిని చూడండి. కొత్త బియ్యం అయితే ముద్దయిపోతుంది, నీళ్ళు తగ్గించి వండుకోవాలి, అది నచ్చకపోతే అప్పుడే చెప్పేయాలి, బస్తా విప్పాక కాదు.

4. డబ్బు ముందు, సరుకు తర్వాత

నెల 1 నుంచి 5 లోపు ఎవరికేం కావాలో చీటీ, దాంతోపాటు డబ్బు. "నువ్వు పెట్టెయ్ వదినా, తర్వాత ఇస్తాను" అనేది ఒక్కసారి ఒప్పుకుంటే ప్రతి నెలా అదే అవుతుంది. ఎవరి దగ్గరైనా నిజంగా లేకపోతే దానికి వేరే దారి ఉంది, కింద చెప్తాను, అది వాడండి.

డబ్బు పట్టుకునేవాళ్ళు ఒకరు, సరుకు తెచ్చేవాళ్ళు ఇద్దరు, పుస్తకం రాసేవాళ్ళు వేరొకరు. నెలనెలా మారాలి. ఒక్కరే అన్నీ చేస్తే మొదట బాగుంటుంది, ఆర్నెల్లకి వాళ్ళకి విసుగు, మిగతావాళ్ళకి అనుమానం.

5. ఎక్కణ్ణించి తేవాలి

పప్పులు, మిర్చి, నూనె మేం పూర్ణా మార్కెట్ వైపు చూస్తాం. మూడు కొట్లు అడిగి, ఒక్కో కొట్లో గుప్పెడు పప్పు కాగితంలో కట్టించుకుని, వెలుతురులో పెట్టి పోల్చుకుని తీసుకోండి. కందిపప్పులో పలకలుగా, ఒక పక్క వాలుగా ఉన్న బద్దలు కనిపిస్తే అది కేసరి పప్పు అనే కల్తీ పప్పు కలిసింది అని అనుమానించి వదిలేయండి. మిరియాలైతే నీళ్ళలో వేసి చూడండి, బొప్పాయి గింజలు పైకి తేలతాయి.

ఉల్లిపాయలు, బంగాళాదుంపలు రైతు బజార్‌లో. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, మీకు దగ్గర్లో ఏది ఉంటే అది, రేట్ల బోర్డు చూసి. ఉల్లిపాయలు వానాకాలంలో మాత్రం పదిహేను రోజులకి మించి తేవద్దు.

బెల్లం మనకి పక్కనే అనకాపల్లి, దేశంలో పేరున్న బెల్లం మార్కెట్. సంక్రాంతి వైపు ఎవరైనా అటు వెళ్ళే పని ఉంటే ఒక దిమ్మ తెప్పించుకోండి, ప్రత్యేకంగా బండి కట్టుకుని వెళ్ళొద్దు, గిట్టదు. తెల్లగా, పసుపుగా మెరిసే బెల్లం చూసి మురిసిపోవద్దు, ఆ రంగు రావడానికి హైడ్రోస్ అనే మందు వేస్తారు, ముదురు రంగు బెల్లమే తీసుకోండి.

చింతపండు, కుంకుడుకాయలు, శీకాయ, తేనె గిరిజన సహకార సంస్థ డిపోల్లో తీసుకుంటాం. 1956లో పెట్టిన సంస్థ, హెడ్డాఫీసు మన విశాఖలోనే, సరుకు ఏజెన్సీ గిరిజనుల దగ్గర కొన్నది. చింతపండు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో కొత్తది వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా ఒక్కసారే తెచ్చుకోవచ్చు, మిగతా వేటినీ ఏడాదికి తేవద్దు.

రసీదు లేకుండా ఏదీ కొనొద్దు. చేత్తో రాసిన కాగితం ముక్కైనా సరే, పుస్తకంలో అంటించాలి. ఆటో డబ్బులు కూడా అక్కడే రాసి ఇళ్ళ లెక్కన కాకుండా సరుకు బరువు లెక్కన పంచండి, మామ్మగారి రెండు కిలోలకి మా పది కిలోలతో సమానంగా ఆటో ఖర్చు వెయ్యడం న్యాయం కాదు కదా.

6. తూచి పంచడం (ఇది జాగ్రత్తగా)

అందరూ ఉన్నప్పుడే, పగలు, వెలుతురులో. రాలేని ఇంటివాళ్ళ బదులు ఎవరు చూస్తారో ముందే చెప్పాలి.

ముందు కాటా సరిగ్గా ఉందో లేదో చూడండి. సీల్ తియ్యని కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టండి, కవర్ బరువుతో కలిపి 1,000 గ్రాములకి కొంచెం పైన చూపించాలి. అయిదు ప్యాకెట్లు కలిపి పెట్టి 5 కిలోల దగ్గర కూడా చూడండి, కొన్ని కాటాలు కిలో దగ్గర బాగుండి అయిదు దగ్గర తేడా చూపిస్తాయి. సెల్స్ డౌన్ అయినా తప్పు చూపిస్తాయి.

తర్వాత బస్తా మొత్తం కొక్కెం కాటాకి తగిలించి తూచి రాసుకోండి. గోనె సంచి బరువే అర కిలో దాకా ఉంటుంది, ఖాళీ అయ్యాక సంచి విడిగా తూచి తీసెయ్యాలి. ఈ పని చెయ్యక మేం చాలా నెలలు అర కిలో పప్పు ఏమైపోతుందో అర్థంకాక కొట్టువాళ్ళని అనుకున్నాం.

బస్తా మూతి విప్పి అలాగే తీసి తూచొద్దు. అడుగున నూక, పొడి దిగి ఉంటాయి, చివర తీసుకున్నవాళ్ళకి అదే వస్తుంది. దుప్పటి మీద మొత్తం కుమ్మరించి చేత్తో రెండు మూడుసార్లు కలిపి అప్పుడు తూచండి.

ఒకరి వాటా పూర్తిగా తూచి తర్వాత ఇంకొకరిది అని కాకుండా, వరసగా అందరికీ కిలో, మళ్ళీ అందరికీ కిలో, అలా వెళ్ళండి. చివర తక్కువైనా ఎక్కువైనా అది ఒక్కరి మీద పడదు. 30 కిలోల బస్తాలో 300 గ్రాములు తరుగు వచ్చిందనుకోండి, కిలోకి 10 గ్రాములు చొప్పున అందరి వాటాలోను తగ్గించాలి, 3 కిలోలు కట్టిన ఇంటికి 30 గ్రాములు. తూచినవాళ్ళు తమ డబ్బా అందరికంటే ఆఖరున తీసుకోవాలి. ఇది మా మామ్మగారు పెట్టిన రూలు, ఇప్పటివరకు ఎవరూ తప్పలేదు.

డబ్బా ఖాళీగా ఉన్నప్పుడు బరువు తూచి మూత మీద మార్కర్‌తో రాసేసుకోండి, ప్రతిసారీ తూచక్కర్లేదు.

నూనె టిన్ను చివర్లో తియ్యండి, చేతులు జిడ్డయితే పప్పు ముట్టుకోలేం. క్యాన్లు ముందురోజే కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, నీటి చుక్క ఉన్నా నూనె పాడవుతుంది. టిన్ను అడుగు దిగడానికి గరాటు మీద పది నిమిషాలు బోర్లించి వదిలేస్తే ఇంకొంచెం వస్తుంది, అది దీపాలకి.

7. నిల్వ, మన ఊరి తేమకి

పురుగు ప్రతిసారీ బయట్నించే రాదు, చాలాసార్లు గుడ్లు సరుకులోనే ఉండి వస్తాయి. పప్పులు తెచ్చిన రోజే డాబా మీద పల్చగా పది నుంచి మూడు దాకా ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక డబ్బాలో పొయ్యండి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పడుతుంది, ఎండబెట్టిన ఫలితమే ఉండదు. ఎండలేని రోజుల్లో కిలో కిలోగా కవర్లలో కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి, బయటికి తీశాక కవర్ విప్పకుండా మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి. కందిపప్పుకి చేత్తో కాస్త ఆముదం పట్టించడం పాత పద్ధతి, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది, వండేముందు వేడినీళ్ళతో కడగాలి.

బియ్యం మాత్రం ఎండలో పెట్టొద్దు, గింజ చిట్లి నూకైపోతుంది. నీడన ఆరబెట్టి, బాగా ఎండిన వేపాకు పల్చని గుడ్డలో మూటకట్టి వెయ్యండి. పచ్చి వేపాకు వేస్తే బూజు వస్తుంది.

బెల్లం వానాకాలంలో చెమ్మగిల్లి కారుతుంది, ముక్కలు కొట్టి గాలి చొరని డబ్బాలో పెట్టండి. చింతపండు గింజ, ఈనె తీసి, ఎండబెట్టి, కాస్త కళ్ళుప్పు కలిపి జాడీలో నొక్కి పెట్టాలి, స్టీలు డబ్బా వద్దు.

గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ధాన్యంలో పెట్టే మాత్రలు అని కొందరు చిన్న బిళ్ళలు ఇస్తారు, గోడౌన్లలో వాడేవి. అల్యూమినియం ఫాస్ఫైడ్ అది, తేమ తగిలితే విషపు గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో మనుషులు చచ్చిపోతారు. ఇంట్లో ఎట్టి పరిస్థితిలోను పెట్టొద్దు, పక్కవాళ్ళు పెడుతుంటే ఆపండి. బోరిక్ పౌడర్ కలిపే అలవాటున్నా మానెయ్యండి.

8. ఒకరి చేతిలో డబ్బు లేని నెల

నాకు ఈ మొత్తంలో ముఖ్యమైనది ఇదే. ముందు చెప్పిన ఇంటికి 200, అయిదు ఇళ్ళకి 1,000 రూపాయలు అవుతాయి, అవి ఒక డబ్బాలో వేసి, తర్వాత నెలకి ఇంటికి 20 చొప్పున వేస్తూ ఉండండి. ఎవరికైనా ఆ నెల కుదరకపోతే "ఈ నెల డబ్బా నుంచి" అని డబ్బు పట్టుకున్నవాళ్ళకి ఒక్క మాట చెప్తే చాలు. వాళ్ళ బియ్యం, పప్పు, నూనె ఎప్పట్లాగే వాళ్ళకి వెళ్తాయి. ఎందుకు అని ఎవరూ అడగకూడదు. పుస్తకంలో పేరు రాయం, "డబ్బా ఖర్చు" అని మొత్తం మాత్రమే రాస్తాం, తిరిగి రెండు మూడు నెలల్లో వీలైనట్టు వేస్తారు. వడ్డీ లేదు. డబ్బాలో చాలకపోతే మిగతా ఇళ్ళు తలా కొంచెం వేస్తాయి.

మా ఆయన పనిచేసే చోట ఒకసారి రెండు నెలలు జీతాలు ఆగాయి. అప్పటికి మా పెద్దది పదో క్లాసు. ఆ రెండు నెలలూ పంపకం రోజు నా క్యాన్ ఎప్పటిలా నిండి, నా పేరుతోనే, అదే వరసలో ఉంది. ఎదురింటి అక్క "ఈసారి పప్పు బాగుంది, చూశావా" అని తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

అలాగని ఈ డబ్బాని చిట్టీగా మార్చొద్దు. కాస్త డబ్బు పోగవగానే "దీంతో చిట్టీ వేద్దాం" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. చిట్టీలకి 1982 చట్టం ఉంది, రిజిస్టర్ చెయ్యకుండా నడపడం తప్పు, పైగా చిట్టీలో ఒక్కరు ఎగ్గొట్టినా పప్పు పంపకం కూడా ఆగిపోతుంది. డబ్బాలో ఇంటికి 500 దాటితే నెలనెలా వెయ్యడం ఆపెయ్యండి.

9. నిజంగా మిగులుతోందా అని చూసుకోవడం

మూడు నెలలయ్యాక ఒక పేజీలో మూడు గళ్ళు గియ్యండి. మొదటి గడిలో మనకి పడ్డ కిలో రేటు, ఆటోతో, తరుగుతో కలిపి. రెండో గడిలో అదే రోజు, అదే రకం సరుకుకి వీధి చివర కొట్టు రేటు. మూడో గడిలో ఎంత పారబోశాం అనేది. మొదటి రకం పప్పుకి రెండో రకం పప్పు రేటుతో పోల్చి చాలా మిగిలిందని సంబరపడొద్దు, ఇది చాలామంది చేసే తప్పు.

కిలోకి రెండు మూడు రూపాయలకి మించి తేడా రాని సరుకు ఏదైనా లిస్టులోంచి తీసెయ్యండి, దాని కోసం తూచే శ్రమ వృథా. ఏదైనా పారబోయాల్సి వచ్చిందంటే అది ఎక్కువ తెచ్చినట్టు, వచ్చే నెల పావు వంతు తగ్గించండి. పుస్తకం చివరి పేజీ మూడు నెలలకోసారి అందరిముందు చదవండి, ఎవరికి ఏ అనుమానం ఉన్నా అప్పుడే అడగాలి, మెట్ల మీద ఇంకొకరి చెవిలో కాదు.

ఎవరైనా ఇల్లు మారిపోతుంటే వాళ్ళు వేసిన డబ్బు ఆ వారంలోనే లెక్కకట్టి ఇచ్చెయ్యండి, కాటాల్లో వాటా అడిగితే అదీ ఇవ్వండి. వాళ్ళ క్యాన్ మీద పేరు చెరపకుండా అలాగే ఇచ్చి పంపిస్తాం మేం. కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి నెల పంపకం చూడ్డానికి మాత్రమే పిలవండి, రెండో నెల నుంచి కలుపుకోండి.